మర ఎక్కడ పట్టింది? బోరు పైపు నుంచి రైఫిల్ బ్యారెల్ దాకా

పోయిన ఎండాకాలం దేవరకొండ అవతల ఒక బత్తాయి తోటలో బోరు మోటరు పైకి తీస్తున్నారు. ఇరవై జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపుల్లో పదహారు బయటికి వచ్చాయి, పదిహేడోదాని దగ్గర పని ఆగింది. రెండు పైపులను కలిపే సాకెట్ కదలడం లేదు. ఇద్దరు కుర్రవాళ్లు పైపు పానాకు ఐదడుగుల పైపుముక్క తొడిగి, దాని చివర పట్టుకుని వేలాడుతున్నారు. పానా పళ్లు జారినప్పుడల్లా పైపు మీద తెల్లటి గాట్లు పడుతున్నాయి. నాకు నల్లగొండలో చిన్న లేత్ షాపు ఉంది. గ్యాస్ సెట్టు తీసుకుని రమ్మని ఫోన్ వస్తే వెళ్లాను. ఆ రోజు మా మేనమామ కూడా నా వెంట ఉన్నాడు. పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఆ సాకెట్‌ను కాసేపు చుట్టూ తిరిగి చూసి, "గుంజుడు ఆపుండ్రి తమ్మీ. ముందుగాల ఏడ పట్టిందో చూడుండ్రి" అన్నాడు.

ఈ మాట ఆయన నోట నా చిన్నప్పటి నుంచి వింటున్నదే. అయితే అప్పట్లో అది బోరు పైపుల గురించి కాదు, త్రీనాట్‌త్రీ రైఫిళ్ల బ్యారెళ్ల గురించి. దశాబ్దాల కింద బిగించిన బ్యారెల్‌ను బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకూ బోల్టు అనే గడియను చేత్తో వెనక్కి లాగి మూసేది) నుంచి ఊడదీయడం ఆయన దృష్టిలో ఒక పరీక్ష. పైకి చూస్తే అందులో ఏమీ లేదు. గొట్టం చివర బయటివైపు థ్రెడ్లు, అంటే మరలు, బాడీ ముందు భాగంలో లోపలివైపు థ్రెడ్లు. నల్లా ఊడదీసినట్టు ఎడమకు తిప్పితే రావాలి. రాదు. నాలుగడుగుల పానా వేసినా రాదు. ఎందుకు రాదో అర్థం చేసుకుంటే, మన చుట్టూ బిగుసుకుపోయిన ప్రతి నట్టూ, ప్రతి పైపూ అర్థమవుతుంది. అందుకే ఈ వ్యాసం.

ముందే ఒక విషయం చెప్పాలి. రైఫిల్ పని మాలాంటి లేత్ షాపుల్లో చేసేది కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ తయారీకే కాదు, మరమ్మతు చేసే దుకాణానికి కూడా లైసెన్సు ఉండాలి. యజమానికి లైసెన్సు ఉన్నంత మాత్రాన సరిపోదు. పంట కాపలాకు తాతల నాటి రైఫిల్ ఉన్నవాళ్లు అప్పుడప్పుడు "కొంచెం లూజు చేసి పెట్టు" అని అడుగుతుంటారు. నేను చేయను, ఇంకెవరూ చేయకూడదు. ఇక్కడ చెప్పేదంతా ఆ అతుకు ఎలా పనిచేస్తుందో తెలియడానికే.

బ్యారెల్ వచ్చి బిగిసే ఇనుప దిమ్మెను రిసీవర్ అంటారు, మామయ్యవాళ్లు బాడీ అంటారు. బోల్టు ముందుకూ వెనక్కూ జరిగేది అందులోనే. చాలా రైఫిళ్లలో బ్యారెల్‌కు థ్రెడ్లు అయిపోయే చోట ఒక మెట్టు ఉంటుంది. దాన్ని భుజం అనుకుందాం. బ్యారెల్‌ను తిప్పుతూ పోతే ఒక దశలో ఆ భుజం రిసీవర్ ముందు ముఖానికి ఆనుకుంటుంది. అక్కడి నుంచి ఇంకా బిగిస్తే బ్యారెల్ ముందుకు జరగదు, థ్రెడ్ల దగ్గర ఉక్కు అతి కొద్దిగా సాగుతుంది. సాగిన ఉక్కు స్ప్రింగులాగా వెనక్కి లాగుతూ ఉంటుంది, భుజాన్ని రిసీవర్‌కు అదిమి పెడుతుంది. అసలు పట్టు అదే. థ్రెడ్లు దారి చూపిస్తాయి, సాగిన ఉక్కు పట్టుకుంటుంది.

మెకానిక్‌లు నమ్మే ఒక లెక్క ఉంది. మామూలు బోల్టును బిగించేటప్పుడు మనం పెట్టే బలంలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే ఖర్చవుతుంది. ఇంకో 40 శాతం థ్రెడ్ల రాపిడికి పోతుంది. మిగిలిన పదిలో ఒక వంతు మాత్రమే ఉక్కును సాగదీస్తుంది. బ్యారెల్ విషయంలో బోల్టు తల చేసే పనిని భుజం చేస్తుంది. అంటే బిగుసుకున్న బ్యారెల్‌ను తిప్పడానికి మనం పడే కష్టంలో సగం థ్రెడ్లతో కాదు, భుజంతో. అందరూ థ్రెడ్లలో నూనె పోస్తారు. సగం పట్టు ఇంకోచోట ఉందని ఎవరికీ తట్టదు.

ఈ రెండింటికి వయసు తోడవుతుంది. సన్నటి సందులోకి చెమ్మ చేరి తుప్పు పడుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఖాళీ లేని చోట అది ఉబ్బితే మేకు కొట్టినట్టే. పాత గ్రీజు ఎండి లక్కలాగా గట్టిపడుతుంది. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ అయితే ఇంకో సంగతి. రాపిడికి పై పొర చెదిరి రెండు లోహాలు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి, దాన్ని గాలింగ్ అంటారు. కొత్త సబ్‌మెర్సిబుల్ పంపుల స్టెయిన్‌లెస్ నట్లు తుప్పు లేకుండానే పట్టేయడానికి కారణం అదే. అక్కడ బలంగా తిప్పేకొద్దీ ఇంకా కరుచుకుంటుంది. కాస్త వెనక్కి, కాస్త ముందుకు, నెమ్మదిగా ఆడించుకుంటూ రావాలి.

ఇప్పుడు మన బోరు పైపుకు వద్దాం. చూపుకు ఒకటే అతుకు, లోపల కథ వేరు. జీఐ పైపుకు భుజం లేదు. పైపు చివర థ్రెడ్లు కొస వైపు సన్నబడతాయి, పదహారు మిల్లీమీటర్ల పొడవుకు ఒక మిల్లీమీటరు చొప్పున. సాకెట్‌లో లోపలి థ్రెడ్లు సమానంగా ఉంటాయి. బిగించేకొద్దీ పైపు సాకెట్‌లోకి మేకులా దిగుతుంది. సాకెట్ ఉబ్బుతుంది. గాజు చేతికి బిగుసుకున్నట్టు అది పైపును చుట్టూ నొక్కి పట్టుకుంటుంది. దానికి తోడు మన నీళ్లు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలా చోట్ల కింద ఉన్నది గ్రానైటు, నైస్ బండ. నీళ్లు వచ్చేది ఆ బండ పగుళ్లలో నుంచి. సాకెట్ పట్టేస్తే మా దగ్గర అందరూ ఫ్లోరైడ్‌ను తిడతారు. ఫ్లోరైడ్ మన ఎముకలకు చేసిన చెరుపు చిన్నది కాదు, ఆ కోపం నాకూ ఉంది. కానీ పైపును పట్టేది అది కాదు, నీళ్లలోని సున్నం పొర, తుప్పు.

ఒక చిన్న ముచ్చట. మన జీఐ పైపు థ్రెడ్డు గాడి 55 డిగ్రీల కోణంలో ఉంటుంది. 1841లో ఇంగ్లండ్ ఇంజినీరు జోసెఫ్ విట్‌వర్త్ నిర్ణయించిన కొలత అది. జర్మనీ వాళ్లు 1898లో తెచ్చిన మౌజర్ రైఫిల్ బ్యారెల్ థ్రెడ్డు కూడా అదే 55 డిగ్రీలు, అంగుళానికి 12 చుట్లు. మన రెండంగుళాల పైపుకు 11. మామయ్య ఈ లెక్క మొదటిసారి చెప్పినప్పుడు నేను థ్రెడ్లు కొలిచే గేజీ తెచ్చి నా పైపు మీద పెట్టి చూశాను. అప్పటి నుంచి నాకు రైఫిల్ మాటలు దూరపు మాటలుగా అనిపించలేదు.

బ్యారెల్ తీయడంలో మొదటి గండం తిప్పడం కాదు, పట్టుకోవడం. బ్యారెల్ గుండ్రంగా, నున్నగా, కొస వైపు సన్నబడుతూ ఉంటుంది. మామూలు బెంచి వైసులో, అంటే వస్తువును దవడల మధ్య బిగించి పట్టుకునే సాధనంలో, పెట్టి తిప్పితే జారి, తన చుట్టూ తాను తిరుగుతుంది. జారిందంటే మనం పెట్టిన బలమంతా బ్యారెల్‌ను గీరడానికే పోయినట్టు. అందుకే దానికి వేరే వైసు ఉంటుంది. రెండు దిట్టమైన ఉక్కు దిమ్మెలు, మధ్యలో బ్యారెల్ సైజుకు తగ్గట్టు తొలిచిన అల్యూమినియం లేదా ఇత్తడి బిళ్లలు, జారకుండా గుగ్గిలం లాంటి రోజిన్ పొడి. నాలుగు బోల్టులతో బిగిస్తారు, మొండిదైతే హైడ్రాలిక్ ప్రెస్సు కింద పెట్టి అదుముతారు. పట్టు రిసీవర్‌కు వీలైనంత దగ్గరగా ఉండాలి. త్రీనాట్‌త్రీకి ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. రిసీవర్ ముందే బ్యారెల్ మీద చదునైన భాగం ఉంటుంది, వైసుకు అది దొరికితే జారే భయం చాలా తగ్గుతుంది.

రెండో వైపు రిసీవర్. ఇక్కడే ఎక్కువ రైఫిళ్లు పాడవుతాయి. రిసీవర్ ముందు రింగు గట్టిది. దాని వెనక పైన తూటాలు పెట్టే సందు, కింద మ్యాగజీన్ సందు కోసి ఉంటాయి, మిగిలేది పక్కన రెండు సన్నని గోడలు. వెనక తోక దగ్గర పట్టుకుని తిప్పితే బలం ఆ గోడల మీదుగా ముందుకు పోవాలి. బ్యారెల్ కదలకముందే రిసీవర్ తడిబట్ట పిండినట్టు మెలిక తిరుగుతుంది. మెలిక కంటికి కనిపించదు. బోల్టు వేసి చూస్తే తెలుస్తుంది, గరగర పట్టుకుంటుంది. ఒకసారి మెలి తిరిగిన రిసీవర్ తుక్కే. అందుకే పానా ముందు రింగు చుట్టూ, దాని ఆకారానికి సరిపోయేట్టు కూర్చోవాలి. వైసుకూ పానాకూ మధ్య ఉండాల్సింది ఆ అతుకు ఒక్కటే.

ఈ పాఠం నాకు డబ్బు ఖర్చయి వచ్చింది. షాపు పెట్టిన కొత్తలో మిర్యాలగూడ రైస్‌మిల్లు నుంచి ఒక ఎలివేటర్ షాఫ్టు వచ్చింది, కొసన నట్టు పట్టేసింది. షాఫ్టును అటు చివర వైసులో పెట్టి, ఇటు చివర పానా వేసి తిప్పాను. నట్టు రాలేదు, మధ్యలో కీ గాడి దగ్గర షాఫ్టు మెలి తిరిగింది. తప్పు నాదే కాబట్టి కొత్త షాఫ్టు నేనే చేసిచ్చాను. వైసు పట్టు నట్టుకు జానెడు దూరంలో ఉంటే ఆ షాఫ్టు బతికేది.

పట్టు కుదిరాక నూనె. తుప్పులోకి దిగే పల్చటి నూనె పోసి ఒక రాత్రి కాదు, మూడు నాలుగు రోజులు వదిలేయాలి. మధ్యమధ్యలో సుత్తితో మెల్లగా తట్టాలి, ఆ అదురుకు నూనె సందుల్లోకి పాకుతుంది. మా వైపు కిరోసిన్, డీజిల్ పోస్తారు. పనికొస్తాయి, కానీ అవి పోసిన చోట వెంటనే గ్యాస్ మంట పెట్టకూడదు. అంటుకుంటుంది.

ఇక వేడి. వేడి చేస్తే ఇనుము వ్యాకోచిస్తుంది, లూజవుతుంది అని అందరికీ తెలుసు. ఎంత? ఉక్కు ఒక డిగ్రీకి మీటరుకు 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పెరుగుతుంది. పాతిక మిల్లీమీటర్ల థ్రెడ్డుకు, బయటి రింగును లోపలి బ్యారెల్ కంటే 100 డిగ్రీలు ఎక్కువ వేడి చేస్తే వచ్చే సందు 0.03 మిల్లీమీటరు. వెంట్రుక మందం కూడా కాదు. అయినా తుప్పు పొర పగలడానికి అది చాలు. షరతు ఏమిటంటే బయటిది వేడెక్కాలి, లోపలిది చల్లగా ఉండాలి. నెమ్మదిగా కాలిస్తే రెండూ కలిసి పెరుగుతాయి, సందు రాదు. బోరు సాకెట్‌కైతే మంట ధైర్యంగా పెట్టొచ్చు. అది కూడా గాలి వచ్చే చోట, పొగకు ఎదురు నిలబడకుండా, ఎందుకంటే జీఐ మీది జింకు కాలిన పొగ పీల్చితే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది.

రిసీవర్‌కు మాత్రం మంట పెట్టే ముందు నూరుసార్లు ఆలోచించాలి. తూటా పేలినప్పుడు లోపల ఒత్తిడి చదరపు అంగుళానికి 40 వేల పౌన్లు దాటుతుంది. మన మోటార్ సైకిల్ టైరులో ఉండేది ముప్పై. ఆ ఒత్తిడిని బోల్టు పళ్లు, అవి ఆనే రిసీవర్ అంచులు ఆపుతాయి. ఆ అంచులకు ఫ్యాక్టరీలో లెక్క ప్రకారం వేడిపెట్టి గట్టిదనం తెచ్చారు. మళ్లీ ఎక్కువ వేడి తగిలితే ఆ గట్టిదనం పోతుంది. ఉక్కు మీద నీలం రంగు తేలిందంటే వేడి 300 డిగ్రీల దగ్గరికి వచ్చినట్టే. ఆ తుపాకీ చూడటానికి బాగానే ఉంటుంది, కాల్చినప్పుడు ముఖం మీదికి వస్తుంది. మామయ్య తన సర్వీసులో రిసీవర్‌కు మంట చూపించలేదు. మరిగే నీళ్లు పోసేవాడు, అంతవరకే.

తర్వాత బలం. ఇప్పటి కొత్త రైఫిళ్లలో చాలావాటికి ఒక అడుగు పానా మీద సుమారు 45 కిలోల బరువు పెట్టినంత బిగింపు ఉంటుంది. పాతవాటికి అంతకు ఎన్నో రెట్లు కావాల్సి వస్తుంది. నెమ్మదిగా లాగితే పానా, వైసు, బల్ల అన్నీ స్ప్రింగులా వంగి ఆ బలాన్ని మింగేస్తాయి. పానాను ముందు బిగుతుగా లాగి పెట్టి, కొసన బరువైన సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే ఆ క్షణంలో అతుకు మీద పడే బలం చాలా ఎక్కువ. కదిలిందంటే మాత్రం ఆ తర్వాత సులువు, కదులుతున్నదాన్ని రాపిడి అంతగా ఆపలేదు. "టక్" మని ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు కోసమే మూడు రోజులు ఆగినట్టు ఉంటుందని మామయ్య అనేవాడు.

దానికీ రాకపోతే? మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికాలో లక్షల కొద్దీ తయారైన ఎం1917 ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లకు ఈ విషయంలో చెడ్డపేరు ఉంది. ముఖ్యంగా ఎడ్డీస్టోన్ ఫ్యాక్టరీలో బిగించిన బ్యారెళ్లు ఎంత గట్టిగా కూర్చున్నాయంటే, బలవంతంగా తీస్తే కొన్ని రిసీవర్లు పగిలాయి. వాటి విషయంలో పనివాళ్లు బలం మానేసి లేత్ ఎక్కిస్తారు. బ్యారెల్ ఎలాగూ అరిగిపోయి పారేసేదే అయితే, రిసీవర్ ముఖానికి సరిగ్గా ముందు, భుజం దగ్గరే, బ్యారెల్ చుట్టూ సన్నటి గాడి కోస్తారు. మిల్లీమీటరో, రెండో వెడల్పు. లోతు దాదాపు థ్రెడ్ల అడుగు దాకా. రిసీవర్‌కు గీత పడకూడదు.

ఆ గాడి ఏం చేస్తుంది? సాగిన ఉక్కు భుజాన్ని వెనక్కి లాగుతూ ఉందని చెప్పాను కదా. గాడి పడగానే భుజానికి వెనక ఆసరా పోతుంది. అదిమే బలం సడలుతుంది. రాపిడిలో సగం భుజం దగ్గర ఉంది కాబట్టి ఆ సగం ఒక్కసారిగా మాయం. లాగుడు లేకపోయేసరికి థ్రెడ్ల మీది ఒత్తిడీ తగ్గుతుంది. నిన్న నాలుగడుగుల పానాకు లొంగని బ్యారెల్ ఇవాళ చిన్న పానాకే తిరుగుతుంది. గుంజినవాళ్లు ఓడిపోయిన చోట కోసినవాడు గెలుస్తాడు, ఎందుకంటే పట్టు ఎక్కడుందో అతనికి తెలుసు.

అయితే ఈ కోత అన్నిటికీ పనిచేయదు. మౌజర్ 98లో బ్యారెల్ ఆనుకునేది ముందు భుజానికి కాదు, లోపల రిసీవర్‌లో ఉన్న ఒక రింగుకు బ్యారెల్ వెనక ముఖం ఆనుతుంది. బిగింపు అక్కడ ఉంటుంది. ముందు గాడి కోసినా లోపలి పట్టు అలాగే ఉండిపోతుంది. ఎన్‌ఫీల్డ్ మీద పనిచేసింది కదా అని మౌజర్ బ్యారెల్ కోస్తే బ్యారెల్ పోతుంది, పని అవదు. అక్కడ మళ్లీ నూనె, ఓపిక, మంచి వైసు. చివరి దారిగా బ్యారెల్ కోసేసి, లోపలి ముక్కను లేత్ మీద థ్రెడ్ల దాకా తొలిచి, మిగిలిన పల్చటి పొరను ఊడదీస్తారు.

బ్యారెల్ వచ్చాక పని అయిపోయిందనుకోవద్దు. కొత్త బ్యారెల్ బిగించాక బోల్టు ముఖానికీ, తూటా ఆనే చోటుకూ మధ్య దూరాన్ని గేజీలతో కొలవాలి. ఎక్కువైతే తూటా గుల్ల చిరుగుతుంది, తక్కువైతే బోల్టు మూయలేం. లైసెన్సు లేనివాళ్లు ఈ పని ముట్టకూడదని నేను అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

ఇక దేవరకొండ తోట. మామయ్య అడిగిన ప్రశ్నకు జవాబు మా కళ్ల ముందే ఉంది. అక్కడ భుజం లేదు, అడ్డంగా గాడి కోస్తే లాభం లేదు. గాజులా చుట్టూ నొక్కుతున్నది సాకెట్. కాబట్టి కోత నిలువుగా పడాలి. ముందు కింది పైపుకు రెండు క్లాంపులు బిగించాం, ఎందుకంటే కింద ఇంకా మిగిలిన పైపులు, మోటరు వేలాడుతున్నాయి, సాకెట్ విచ్చుకుంటే అన్నీ బోరులో పడతాయి. గ్రైండర్‌తో సాకెట్ పైసగం మీద నిలువుగా ఒక గాటు, థ్రెడ్లకు నూలుపోగంత దూరంలో ఆపాం. ఆ గాట్లో ఉలి పెట్టి రెండు దెబ్బలు. సాకెట్ చిన్నగా నోరు తెరిచింది. ఆ ఇద్దరు కుర్రవాళ్లలో చిన్నవాడు పానా తీసుకుని, పైపుముక్క తొడగకుండానే తిప్పాడు. పైపు తిరిగింది.

సాయంత్రం ఆ సాకెట్‌ను షాపుకు తెచ్చి రెండు ముక్కలుగా కోసి చూశాను. మూతి దగ్గరి మూడు చుట్లలో మాత్రమే ఎర్రటి తుప్పు, తెల్లటి సున్నం గట్టిగా పేరుకుని ఉన్నాయి. లోపలి చుట్లు బిగించిన రోజున ఎలా ఉన్నాయో అలాగే మెరుస్తున్నాయి. మామయ్య ఆ ముక్కను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత మూతి దగ్గర బొటనవేలు పెట్టి, "ఈడ పట్టింది" అన్నాడు.